గూఢచారి యాక్షన్ సీన్ నమ్మేలా రాయాలంటే
ముందు తూటాలు లెక్కపెట్టండి. గ్లాక్ 17 పిస్టల్ మామూలు మ్యాగజైన్‌లో (తూటాల డబ్బాలో) 17 పడతాయి, ఛాంబర్‌లో (పేలడానికి సిద్ధంగా తూటా ఉండే గదిలో) ముందే ఒకటి ఉంటే 18. ఆ తర్వాత మ్యాగజైన్ మార్చాల్సిందే. సరిగ్గా ఆ రెండు మూడు సెకన్లలో శత్రువుని హీరో మీదికి రానివ్వండి. ఉత్కంఠంతా అక్కడే ఉంది.

సైలెన్సర్ శబ్దాన్ని మింగేయదు. 160 డెసిబెల్స్ దాకా ఉండే పేలుడు సుమారు 130కి దిగుతుంది, అంతే. పక్కగదిలో కాపలావాడు ఉలిక్కిపడాలి.

వెంబడించేవాడు ఒక్కడే అయితే రెండో మలుపులో దొరికిపోతాడు. ముగ్గురిని పెట్టి, మలుపు మలుపుకీ మార్చండి. ‘రా’ (మన విదేశీ గూఢచార సంస్థ) ఏజెంటు చేత అరెస్టులు చేయించొద్దు, ఆ అధికారం పోలీసులది. పక్కటెముక విరిగిందా? తర్వాతి సీన్‌లో హీరో గోడ దూకకుండా గేటు వెతుక్కోవాలి.