పాత యంత్ర పక్షుల ప్రదర్శనను ప్రాణం పోకుండా పునరుద్ధరించడం ఎలా?

పాతబడిన యానిమట్రానిక్ (యంత్రాలతో కదిలే బొమ్మల) ప్రదర్శనను బాగుచేయడానికి పూనుకున్నవారు పనిముట్లు పట్టకముందే అది ఎందుకు పుట్టిందో, ఏ యంత్రాంగంతో నడిచిందో తెలుసుకోవాలి. కాలిఫోర్నియాలోని డిస్నీల్యాండ్‌లో 1963 జూన్ 23న ప్రారంభమైన యంత్ర పక్షుల ప్రదర్శన ఎన్‌చాంటెడ్ టికీ రూమ్‌నే తీసుకోండి. దానిని మొదట భోజనశాలగా తలపెట్టారు. తినేవారి తలల మీద పక్షులు పాడాలన్నది ఆలోచన. చివరికి భోజనం పోయి పాట మిగిలింది. కాబట్టి అక్కడ పాటే మూలం, దానికి లోబడే ప్రతి మరమ్మతూ జరగాలి.

ఆ పక్షులను తొలినాళ్లలో నడిపింది అయస్కాంత టేపు. టేపు మీది ఒక్కొక్క స్వరం ఒక లోహపు రేకును కంపింపజేస్తే, ఆ కంపనంతో విద్యుత్ వలయం కలిసి, గాలి వాల్వు తెరుచుకుని, ముక్కు కదిలేది. స్వరం ఆగగానే ముక్కు మళ్లీ మూసుకునేది. ఆ కదలికలోని టక్కుమనే చురుకుదనమే పక్షికి అందం. అందుకే విప్పదీయడానికి ముందు ప్రతి పక్షినీ ఎదుటినుంచి, పక్కనుంచి, పాటతో సహా వీడియో తీసి ఉంచుకోండి. టేపు స్థానంలో డిజిటల్ నియంత్రణ పెట్టవచ్చు, పెట్టాలి కూడా. అయితే కొత్త యంత్రానికి చేతనవును కదా అని ప్రతి కదలికనూ నునుపు చేయకండి.

పైతొడుగు విషయంలో మరింత ఓర్పు కావాలి. పక్షి ఊపిరి తీసినట్టు రొమ్ము ఉబ్బి తగ్గాలంటే, గుడ్డ సాగి మళ్లీ యథాస్థితికి రావాలి. వాల్ట్ డిస్నీ వేసుకున్న కాశ్మీరీ ఉన్ని స్వెట్టరు మోచేతి దగ్గర మడత పడి సర్దుకునే తీరును డిస్నీ సంస్థలో నమూనాలు తయారుచేసే హ్యారియెట్ బర్న్స్ గమనించి, అటువంటి అల్లికనే పక్షుల రొమ్ములకు వాడారు. కొత్త గుడ్డను ఎంచుకునేటప్పుడు రంగు కంటే ముందు ఈ సాగుడును వేళ్లతో లాగి పరీక్షించండి.

కథనాన్ని మార్చడం అన్నిటికంటే ప్రమాదకరమైన పని. ఫ్లోరిడాలోని డిస్నీ పార్కులో ఉన్న ఇదే ప్రదర్శనలో 1998లో రెండు సినిమా పక్షులను కొత్త యజమానులుగా తెచ్చి, పాత పాటను వెటకారం చేసే కథ అల్లారు. 2011 జనవరిలో అగ్నిప్రమాదం జరిగాక, అదే ఏడాది ఆగస్టులో తిరిగి తెరిచినప్పుడు ఆ కథను పక్కన పెట్టి, మూల ప్రదర్శననే కుదించి వేశారు. నిడివి తగ్గించవలసి వస్తే ఇదే సరైన దారి అని నా అభిప్రాయం: ఉన్నదానిలోంచి కత్తిరించండి, దానిని వెక్కిరించే మాటలు చేర్చకండి. మూల ప్రదర్శనను నడిపించే హోసే, మైఖేల్, పియర్, ఫ్రిట్జ్ అనే నాలుగు పంచరంగుల చిలుకల గొంతులు పాత రికార్డింగులోవే ఉండనివ్వండి. రొదను శుభ్రపరిస్తే చాలు.

చివరి పరీక్షను నియంత్రణ గదిలో కూర్చుని చేయకండి. ప్రేక్షకులు చుట్టూ కూర్చుని చూసే ప్రదర్శన కనుక, నాలుగు వైపులా బల్లలు మారుతూ పూర్తిగా చూడండి. పాట ఆగిన క్షణంలో గాలి వాల్వుల చప్పుడు ఏ బల్ల దగ్గర వినిపిస్తుందో గుర్తించి, ఆ గొట్టాన్ని ముందుగా సరిచేయండి.