పాడ్‌కాస్ట్ పాఠాలు – 4: వైర్‌లెస్ మైకు కొనేముందు

పోయిన పాఠంలో ఇచ్చిన పని చేశారా? అదే, ఫోన్‌లో ఒకే వాక్యాన్ని మూడు దూరాల నుంచి చదివి రికార్డు చేయమన్నాను. చేయకపోతే ఇక్కడే ఆగి అది చేసి రండి. రెండు నిమిషాల పని. అది చెవితో వినకపోతే ఇవాళ్టి పాఠం సగమే బుర్రకెక్కుతుంది.

చేసినవాళ్ళకి తేడా తెలిసే ఉంటుంది. జానెడు దూరంలో మీ గొంతు మీ గొంతులాగే ఉంది. మూరెడు దూరానికి కాస్త పలచబడింది. బారెడు దూరంలో బాత్రూంలోంచి మాట్లాడినట్టు ఉంది. దీని వెనక ఉన్న లెక్క చాలా చిన్నది. దూరం రెట్టింపైన ప్రతిసారీ మైకుకి నేరుగా చేరే గొంతు 6 డెసిబెల్స్ (శబ్దం ఎంతుందో చెప్పే కొలత) తగ్గుతుంది. రెండు జానలు ఒక మూర కాబట్టి జాన నుంచి మూరకి 6 డెసిబెల్స్, నాలుగు మూరలు ఒక బార కాబట్టి మూర నుంచి బారకి ఇంకో 12, మొత్తం 18 పోయాయి. గోడలకి కొట్టుకుని తిరిగొచ్చే ప్రతిధ్వని, ఫ్యాను హోరు మాత్రం మీరు దగ్గరున్నా దూరమున్నా దాదాపు అంతే ఉంటాయి. గొంతు తగ్గి గది తగ్గకపోతే చివరికి వినబడేది గదే. సౌండ్ పెంచితే రెండూ కలిసి పెరుగుతాయి తప్ప లాభం లేదు.

ఇవాళ చెప్పబోయేదంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది. వైర్‌లెస్ మైకు కొనడానికి నాకు తెలిసి గట్టి కారణం ఒక్కటే: మనిషి కదిలినా నోటికీ మైకుకీ మధ్య దూరం మారకుండా ఉండటం. వైరు లేనంత మాత్రాన మైకు మంచిదైపోదు. గొంతుని పట్టేది మైకు, దాన్ని మోసుకెళ్ళేది రేడియో, ఈ రెండూ వేర్వేరు పనులు. మీరు పెట్టే డబ్బులో మంచి భాగం మోత కూలికే పోతుంది.

అందుకే ముందు మీకు మీరే ఒక ప్రశ్న వేసుకోండి: రికార్డు చేసేటప్పుడు మీరు కదులుతారా? టేబుల్ ముందు కూర్చుని, ఎదురుగా లాప్‌టాప్ పెట్టుకుని, గంటసేపు లేవకుండా మాట్లాడే మనిషైతే ఈ పాఠం దాటేసి మూడో పాఠంలో చెప్పిన వైరు మైకు దగ్గరికే వెళ్ళండి. అదే డబ్బుకి దానితో మెరుగైన సౌండ్ వస్తుంది. ఛార్జింగ్ గోల లేదు, సిగ్నల్ తెగే భయం లేదు. వీడియోల్లో అందరి చొక్కా మీదా ఆ చిన్న డబ్బా కనిపిస్తోందని కొనేవాళ్ళని చాలామందిని చూశాను, వాళ్ళలో సగం మంది కుర్చీలోంచి లేవరు. నిలబడి చేతులు తిప్పుతూ మాట్లాడేవాళ్ళు, నడుస్తూ చూపిస్తూ చెప్పేవాళ్ళు, బయటికెళ్ళి కొత్త మనుషుల్ని పలకరించేవాళ్ళు, వీడియో కూడా తీస్తూ ముందు పెద్ద మైకు స్టాండు కనబడకూడదనుకునేవాళ్ళు, వీళ్ళకి మాత్రం వైర్‌లెస్ నిజంగా పనికొస్తుంది. ఎదుటి మనిషి మైకులకి అలవాటు లేనివాడైతే ఇంకా మంచిది. మూతి ముందు మైకు పెడితే బిగుసుకుపోయేవాళ్ళు కూడా కాలర్‌కి క్లిప్ పెడితే పది నిమిషాల్లో దాన్ని మర్చిపోతారు.

రేడియో ఏ దారిన వెళ్తుంది

సరే, మీరు కదిలే మనిషే అనుకుందాం. దుకాణంలో ‘వైర్‌లెస్’ అని రాసి ఉన్నవన్నీ ఒకటి కావు.

మొదటిది బ్లూటూత్. చెవిలో పెట్టుకునే ఇయర్‌బడ్స్‌తో రికార్డు చేద్దామనుకునేవాళ్ళు దీన్ని కాస్త శ్రద్ధగా చదవండి. వాటిలో పాట వింటే బ్రహ్మాండంగా ఉంటుంది, మైకు ఆన్ చేయగానే గొంతు పాత ఫోన్ కాల్‌లా అయిపోతుంది, ఎందుకు? పాట ఒకవైపే వస్తుంది. మైకు కూడా వాడాలంటే చాలా పరికరాలు ఫోన్ కాల్ కోసం పుట్టిన పాత పద్ధతికి మారిపోతాయి. ఆ పద్ధతిలో సెకనుకి 8 వేలో 16 వేలో శాంపిల్సే, అంటే శబ్దాన్ని కొలిచి రాసిన అంకెలే, వెళ్తాయి. పాడ్‌కాస్ట్‌కి మామూలుగా వాడేది 48 వేలు. స, శ, ష లు ఉండే పైస్థాయి శబ్దం అక్కడే తెగిపోతుంది, దాన్ని తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ నిజంగా తిరిగి తేలేదు. పైగా శబ్దం ఆలస్యంగా చేరుతుంది, వీడియో ఉంటే పెదాలకీ మాటకీ పొంతన ఉండదు.

రెండోది ఇప్పుడు ఎక్కువమంది కొంటున్నది, సొంత రిసీవరు (మైకు పంపిన శబ్దాన్ని అందుకుని ఫోన్‌కో కెమెరాకో ఇచ్చే డబ్బా) ఉన్న 2.4 గిగాహెర్ట్జ్ డిజిటల్ మైకులు. మైకులు చేసే రోడ్ (RØDE) కంపెనీ 2019లో వైర్‌లెస్ గో తెచ్చాక ఈ చదరపు డబ్బాల రకం బాగా పాకింది, తర్వాత డీజేఐ, హాలీల్యాండ్ లాంటివాళ్ళూ దిగారు. లైసెన్సు అక్కర్లేదు, డబ్బాలోంచి తీసి ఆన్ చేస్తే జత కలిసిపోతాయి, సౌండ్ ఆలస్యం కూడా బ్లూటూత్‌తో పోలిస్తే చాలా తక్కువ. తిప్పలు వేరే చోట ఉన్నాయి. అదే 2.4లో మీ వైఫై ఉంటుంది, బ్లూటూత్ ఉంటుంది, మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఉంటుంది. జనం గుంపుగా ఉన్నచోట, అంటే వంద ఫోన్లున్న హాల్లో, ఇంట్లో బాగా పనిచేసిన మైకే ముక్కలు ముక్కలుగా వినబడొచ్చు.

మూడోది యూహెచ్‌ఎఫ్, అంటే 2.4 కంటే తక్కువ ఫ్రీక్వెన్సీల్లో నడిచే రేడియో, స్టేజీల మీదా టీవీల్లోనూ వాడేది. ఒంటిని దాటి కాస్త బాగా వెళ్తుంది, జనంలోనూ నిలబడుతుంది. కానీ ఏ ఫ్రీక్వెన్సీలు వాడొచ్చన్నది దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికాలో 600 మెగాహెర్ట్జ్ పరిధిలో చాలా భాగాన్ని మొబైల్ సర్వీసులకి ఇచ్చేశాక, 2020 జులై 13 తర్వాత ఆ భాగంలో వైర్‌లెస్ మైకులు వాడకూడదన్నారు, నిక్షేపంగా పనిచేసే సెట్లు పక్కన పడ్డాయి. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికిందని కొనేముందు మీ దగ్గర ఆ ఫ్రీక్వెన్సీకి అనుమతి ఉందో లేదో చూసుకోండి. మామూలు పాడ్‌కాస్ట్‌కి ఇంత అక్కర్లేదు, 2.4 చాలు.

డబ్బా మీద 200 మీటర్లు అంటాడు

ఆ అంకె అబద్ధం కాదు, కానీ మధ్యలో ఏ అడ్డూ లేని మైదానం మాట అది. మీ ఒళ్ళే పెద్ద అడ్డు. మనలో ఎక్కువ భాగం నీరు, 2.4 గిగాహెర్ట్జ్ తరంగాన్ని నీరు బాగా తాగేస్తుంది. ఎదర గుండెల మీద మైకు పెట్టుకుని రిసీవరు వైపు వీపు తిప్పితే చాలు, వంద మీటర్లన్నది పదిహేనో ఇరవయ్యో అయిపోవచ్చు. రిసీవరుని ప్యాంటు జేబులో పెట్టుకుంటే ఇక చెప్పేదేముంది. దాన్ని ఎత్తులో, మాట్లాడే మనిషికి ఎదురుగా, కనబడేలా పెట్టండి. పాడ్‌కాస్ట్‌లో మీరు అయిదారు మీటర్లు దాటి వెళ్ళరు కాబట్టి 100 రాసినదానికీ 250 రాసినదానికీ మధ్య ఆ అంకె చూసి ఎంచుకోకండి.

మరి దేన్ని చూసి ఎంచుకోవాలంటారా, నాకు తగిలిన దెబ్బ చెప్తాను.

ఒకసారి ఒక పెద్దాయనతో యాభై నిమిషాలు మాట్లాడాను. కాలర్ మైకు చక్కగా పెట్టాను, పచ్చ లైటు వెలుగుతోంది, ఫోన్‌లో సౌండు గీతలు ఎగురుతున్నాయి, ఇంకేం కావాలి. తీరిగ్గా తర్వాత వింటే ఫ్యాను పాడుతోంది, వెనకెక్కడో పెద్దాయన గొణుగుతున్నారు. ఫోన్ రికార్డు చేసింది తన సొంత మైకుతో. రిసీవరు నుంచి ఫోన్‌కి నేను పెట్టిన వైరు కెమెరాలకి వాడేది. 3.5 ఎంఎం పిన్ను మీద గీతలు లెక్కపెట్టండి: రెండు గీతలుంటే టీఆర్‌ఎస్, కెమెరా కోసం. మూడు గీతలుంటే టీఆర్‌ఆర్‌ఎస్, హెడ్‌ఫోన్ రంధ్రం ఉన్న ఫోన్ల కోసం. నేను రెండు గీతలది పెట్టాను, మైకొకటి వచ్చిందని ఫోన్‌కి తెలియనే లేదు. ఆ పెద్దాయనకి ఫోన్ చేసి మళ్ళీ మాట్లాడదామా అని అడగడానికి నాకు రెండు రోజులు పట్టింది.

అప్పటి నుంచి ఒక అలవాటు చేసుకున్నాను, మీరూ చేసుకోండి. రికార్డు నొక్కేముందు చొక్కాకున్న మైకుని గోటితో మెల్లగా గీకండి, తెర మీద గీత ఎగరాలి. తర్వాత ఫోన్ అడుగున గీకండి, గీత కదలకూడదు. రెండోదానికి ఎగిరిందంటే ఫోన్ తన చెవితోనే వింటోందన్నమాట. అయిదు సెకన్ల పని.

ఇప్పుడు చాలా రిసీవర్లు యూఎస్‌బీ-సీతో వస్తున్నాయి కాబట్టి ఈ గీతల గొడవ తగ్గింది. ఐఫోన్లు 2023లో వచ్చిన 15 నుంచి యూఎస్‌బీ-సీ, అంతకు ముందువి లైట్నింగ్, మీది ఏదో చూసుకుని కొనండి. ఇంకో చిన్న సంగతి, ఫోన్‌కి మందపాటి కవరు ఉంటే కొన్ని రిసీవర్ల పిన్ను పూర్తిగా లోపలికి దిగదు, పట్టినట్టే ఉంటుంది కానీ కదిలిస్తే ఊడుతుంది.

ఆ రోజు నన్ను కాపాడగలిగింది ఒకటుంది, నా మైకులో అది లేదు: ట్రాన్స్‌మిటరులోనే రికార్డు అయ్యే సదుపాయం. చొక్కాకి పెట్టిన డబ్బాలోనే ఒక కాపీ పడుతుంటుంది, సిగ్నల్ తెగినా, వైరు తప్పు పెట్టినా, ఫోన్ చచ్చినా అది మాత్రం భద్రం. రోడ్ వైర్‌లెస్ గో 2, డీజేఐ మైక్ లాంటివాటిలో ఇది ఉంది, గంటల కొద్దీ పడుతుంది. ఇది లేని సెట్టు ఎంత చవగ్గా వచ్చినా, బయటికెళ్ళి ఇంటర్వ్యూలు చేసేవాళ్ళని నేను కొనమనను. కొన్నిటిలో ఈ రికార్డింగు మనమే ఆన్ చేయాలి, కొన్న రోజే సెట్టింగుల్లోకి వెళ్ళి చూడండి.

తర్వాత ముఖ్యమైనది రెండు ట్రాక్‌లు. ఇద్దరు మాట్లాడుతుంటే ఇద్దరి గొంతులూ వేర్వేరు ట్రాకుల్లో పడాలి. చాలా సెట్లలో మోనో, స్టీరియో అని రెండు పద్ధతులుంటాయి. మోనో పెడితే ఇద్దరూ కలిసిపోతారు, మీరు మాట్లాడుతున్నప్పుడు అతిథి దగ్గితే ఆ దగ్గుని తీసేయడం ఎవరి తరమూ కాదు. స్టీరియో పెడితే ఒకరు ఎడమలో, ఒకరు కుడిలో పడతారు, ఎడిటింగులో విడదీసుకోవచ్చు. (విడదీయడం మర్చిపోయి అలాగే పెట్టేస్తే వినేవాడికి ఒక చెవిలో మీరు, ఇంకో చెవిలో అతిథి. అదీ చేశాను.) ఇద్దరూ మరీ దగ్గరగా కూర్చుంటే ఒకరి గొంతు రెండో మైకులో కూడా ఇసుమంత ఆలస్యంగా పడి, కలిపినప్పుడు డబ్బాలోంచి వస్తున్నట్టు ఉంటుంది. నోటికీ మైకుకీ ఎంత దూరమో దానికి మూడు రెట్లయినా మైకుల మధ్య ఉండాలి. జానెడుంటే మూడు జానలు.

32 బిట్ ఫ్లోట్ అని ఈమధ్య బాగా వినబడుతోంది, సౌండుని ఫైలులో రాసుకునే ఒక పద్ధతి అది. ఎవరైనా ఒక్కసారిగా అరిచినా, పగలబడి నవ్వినా సౌండు పగలకుండా తర్వాత తగ్గించుకోవచ్చు. ఉంటే సంతోషం. కానీ మైకు తట్టుకోలేనంత శబ్దం దాని మీద పడితే ఎన్ని బిట్లున్నా పగులుతుంది, అదీగాక ఈ సదుపాయం చాలావాటిలో ట్రాన్స్‌మిటరులో పడే కాపీకే ఉంటుంది. లెవెలు సరిగ్గా పెట్టుకుంటే మామూలు 24 బిట్ చాలు. గట్టిగా మాట్లాడినప్పుడు సౌండు గీతల మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడేలా పెట్టండి. సేఫ్టీ ట్రాక్ ఉంటే దాన్ని ఆన్ చేసుకోండి, అదే మాటని తక్కువ సౌండుతో పక్కన ఇంకో కాపీ రాసుకుంటుంది.

చుట్టూ ఉన్న హోరుని తీసేసే నాయిస్ క్యాన్సిలేషన్ బొత్తాం ఆఫ్‌లోనే ఉంచండి. ఒకసారి అది గొంతుని కొరికేస్తే మళ్ళీ అతకదు. తర్వాత కంప్యూటరులో చేసుకుంటే నచ్చకపోయినా వెనక్కి రావచ్చు.

బ్యాటరీ గురించి రెండు ముక్కలు. చాలావాటిలో బ్యాటరీ లోపలే ఉంటుంది, మార్చలేం, ఏళ్ళు గడిచేకొద్దీ తగ్గుతుంది. ఛార్జింగ్ డబ్బాతో వచ్చేవి తీసుకోండి, చిన్న ముక్కలు పోకుండా కూడా ఉంటాయి. మైకు పడుతున్నది అప్పటికప్పుడు వినడానికి రిసీవరుకి హెడ్‌ఫోన్ రంధ్రం ఉందో లేదో తప్పకుండా చూడండి. చొక్కాకి పెట్టే డబ్బాకి, కాలర్‌కి వేలాడే చిన్న వైరు మైకు పెట్టుకునే జాక్ కూడా ఉంటే మంచిది.

ఈ వారం పని

కొన్నవాళ్ళు వాపసు గడువు ముగిసేలోగా ఇది చేయండి. కొననివాళ్ళు స్నేహితుల దగ్గర అరువు తెచ్చి చేయండి.

రిసీవరుని గది చివర పెట్టి రికార్డు నొక్కండి. మైకు గడ్డానికి జానెడు కింద, గొలుసూ జుట్టూ తగలనిచోట పెట్టుకుని, ఒకటి నుంచి అంకెలు గట్టిగా లెక్కపెడుతూ నడవండి. ఇరవై దాకా రిసీవరు వైపు మొహం, ఇరవై నుంచి నలభై దాకా వీపు, నలభై నుంచి అరవై దాకా పక్కగదిలో. అంకెలు ఎందుకంటే, ఎక్కడ తెగిందో వినగానే తెలుస్తుంది. ‘ముప్పై ఒ... ముప్పై మూడు’ అని వినబడితే వీపు తిప్పినప్పుడే పోయిందన్నమాట. ఇదంతా వైఫై ఆపి ఒకసారి, పెట్టి ఒకసారి. తర్వాత పది సెకన్లు ఏమీ మాట్లాడకుండా నిలబడి, ఆ ముక్కని హెడ్‌ఫోన్‌లో సౌండ్ పెంచి వినండి. సన్నగా సుయ్‌మనే మోత మామూలే, గది మోత కంటే అదే ఎక్కువగా ఉంటే వాపసు ఇచ్చేయండి. చివరగా చొక్కా మార్చి ఇంకోసారి. నూలు చొక్కాకీ జారే సిల్కు లాంటి గుడ్డకీ గరగర ఎంత తేడాగా ఉంటుందో రాసి పెట్టుకోండి, అయిదో పాఠం ఆ గరగర దగ్గర్నుంచే మొదలవుతుంది.