నల్లా నీళ్లు ఎర్రగా వస్తున్నాయా? రంగు ఎక్కడ కలుస్తోందో ఇలా కనిపెట్టండి

పొద్దున్నే నల్లా తిప్పితే బిందెలో టీ రంగు నీళ్లు. హన్మకొండ, కాజీపేటల్లో ఇది చాలా ఇళ్లకు అనుభవమే. వెంటనే ఫిల్టర్ కొనకండి. రంగు ఎక్కడ కలుస్తోందో ముందు తెలియాలి.

మూడు గాజు గ్లాసులు తీసుకోండి. ఒకటి వీధి కనెక్షన్ దగ్గర, ఒకటి సంపులో, ఒకటి వంటింటి నల్లా దగ్గర నింపి, వెనక తెల్ల కాగితం పెట్టి చూడండి. మొదటిది తేటగా ఉండి వంటింటిదే ఎర్రగా ఉంటే లోపం ఇంట్లోదే: పాత జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపుల తుప్పో, ట్యాంకు అడుగున పేరుకున్న మడ్డో. రాత్రంతా పైపులో నిలిచిన నీళ్లు రెండు బకెట్లు పోయాక తేటపడితే అది దాదాపుగా పైపు తుప్పే. ఆ బకెట్లు మొక్కలకు పోయండి.

బోరు నీళ్ల సంగతి వేరు. పట్టినప్పుడు తేటగానే ఉంటాయి, కాసేపటికి పసుపు రంగుకు మారి, అడుగున ఎర్రటి పొడి దిగుతుంది. కరిగి ఉన్న ఇనుముకు గాలి తగిలితే జరిగేది ఇదే. జామాకు నలిపి ఆ నీళ్లలో వేయండి, ఇనుము ఎక్కువుంటే నల్లబడతాయి. లీటరుకు 0.3 మిల్లీగ్రాములు దాటితే తెల్లబట్టలకు మరకలు పడతాయి. మరిగిస్తే ఇనుము పోదు.

నల్లటి మరకలైతే మాంగనీస్ అనే లోహాన్ని అనుమానించండి. పాలలా తెల్లగా వచ్చి, గ్లాసు అడుగు నుంచి పైకి తేటపడితే గాలి బుడగలే, భయం లేదు.

వీధి దగ్గరి గ్లాసే మురికిగా ఉందా? ధర్మసాగర్, వడ్డేపల్లి చెరువుల నీళ్లను శుద్ధి చేసే పంపుతారు. కానీ మోరీ పక్కనుంచి పోయే పైపు పగిలితే, సరఫరా ఆగిన వేళ మురుగు లోపలికి చేరుతుంది. నల్లాకు నేరుగా మోటారు బిగిస్తే ఆ మురుగును మనమే గుంజుకున్నట్టు. దయచేసి ఆ పని చేయకండి, పక్కింటి పిల్లలూ ఆ నీళ్లే తాగుతారు.

బూడిద రంగు, మోరీ వాసన ఉంటే ఆ నీళ్లు తాగొద్దు, వంటకూ వాడొద్దు. ఇరుగుపొరుగు ఇళ్లలోనూ అంతేనా అని అడగండి. గ్లాసు ఫొటో, నీళ్లొచ్చిన టైము రాసి మున్సిపల్ ఆఫీసులో ఫిర్యాదివ్వండి. మరమ్మతయ్యాక క్రిములను చంపే క్లోరిన్ నీళ్లలో ఎంతుందో పరీక్ష చేయించమని అడగండి, నల్లా దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. సంపు, ట్యాంకు కడిగాకే కొత్త నీళ్లు నింపుకోండి.