మడత గూడు – 4వ పాఠం: లోపల కారింది వాన కాదు

మడత గూడు అంటే వీధిలో పడుకోక తప్పనివాళ్ల కోసం సన్‌ప్యాక్ అనే గొట్టాల ప్లాస్టిక్ షీట్లతో కట్టుకుని, మడిచి తీసుకుపోయే చిన్న గుడారం. ఈసారి దాని నేల, తలుపు పరదా చెప్పాలి. అవి ఆగుతాయి. 3వ పాఠం చూసి కట్టినవాళ్లు చాలామంది రెండు చోట్ల ఇరుక్కున్నారు. కొప్పు దగ్గర, అంటే రెండు వాలులు కలిసే పై మడతలో, షీటు చిట్లింది, లోపల నీళ్లు కారాయి. ముందు వాటి సంగతి తేల్చుకుందాం.

సన్‌ప్యాక్ షీటు అంచును కంటికి దగ్గరగా పెట్టి చూడండి. వరసగా సన్నని గొట్టాల మూతులు కనిపిస్తాయి. గొట్టాల వెంబడి షీటు గట్టిగా ఉంటుంది, అడ్డంగా మెత్తగా ఉంటుంది. గొట్టాలను అడ్డంగా విరిచి మడిస్తే నాలుగైదు మడతలకే పై పొర తెల్లబడి చీలుతుంది. గూటికి గొట్టాలు కొప్పు నుంచి నేలకు దిగాలి. అప్పుడే వాలు కుంగదు, గొట్టాల్లోకి చేరిన నీళ్లు కింద నుంచి జారిపోతాయి.

మీ 8×4 అడుగుల షీటులో గొట్టాలు 8 అడుగుల పొడవునా పోతుంటే కంగారొద్దు. సరిగ్గా మధ్యకు కోసి రెండు 4×4 ముక్కలు చేసి, ఒక్కోదాన్ని పక్కకు తిప్పండి. గొట్టాలు నిలువైపోతాయి. రెండు షీట్లకు నాలుగు ముక్కలొస్తాయి. రెండేసి ముక్కలను కొప్పు దగ్గర కలిపితే ఒక అర, అంటే గూటిలో సగం. అలాంటివి రెండు అరలు.

కొప్పు మడతకు షీటును వాడొద్దు, పాత ఫ్లెక్స్ బ్యానర్ వాడండి. ఎన్నికలయ్యాక ఊరంతా అవే. 8 అంగుళాల వెడల్పు పట్టీ కోసి, రెండు ముక్కల మధ్య 1 సెం.మీ. ఖాళీ ఉంచి, బయటి వైపు బిగించండి. ఆ ఖాళీ లేకపోతే అర పుస్తకంలా మూతపడదు. 6 మి.మీ. బోల్టు, రెండు వైపులా 30 మి.మీ. వెడల్పు వాషర్, 6 అంగుళాలకొకటి. చేత్తో బిగించి, పానాతో పావు చుట్టు చాలు. గొట్టాలు నలిగితే అక్కడే చీలిక మొదలవుతుంది. గమ్ముల జోలికి పోవద్దు. ఫెవిక్విక్ గానీ సిలికాన్ గానీ ఈ షీటు ప్లాస్టిక్‌ను (పాలీప్రొపిలీన్) పట్టుకోవు.

ఒక అర మీద రెండోది 2 అంగుళాలు ఎక్కాలి. పొడవు 7 అడుగుల 10 అంగుళాలు వస్తుంది. అతుకుకు వింగ్ నట్లు (చేత్తో తిప్పే రెక్కల నట్లు) వాడితే పానా అక్కర్లేదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా గాలి ఎక్కువగా నైరుతి, పడమర నుంచే. పైకెక్కిన అంచు నోరు అటు తిరక్కూడదు. పై గొట్టాల మూతుల్ని ఫ్లెక్స్ కప్పేస్తుంది. కింది మూతులకు టేపు వేయొద్దు, వేస్తే నీళ్లు లోపలే నిలిచి పాచి పడుతుంది.

ఇక నీళ్ల గొడవ. చాలామంది చేసిన పని: తెల్లారి లోపల తడి చూసి, వాన దూరిందనుకుని, గాలి కంతలకు గుడ్డలు కుక్కారు. మర్నాడు తడి ఇంకా ఎక్కువైంది. కంతలింకా మిగిలాయేమోనని మిగతావీ మూశారు! పడుకున్న మనిషి ఒక రాత్రిలో ఊపిరి, చెమట ద్వారా సుమారు పావు లీటరు నీటిని గాల్లోకి వదులుతాడు. డిసెంబరు చలికి షీటు చల్లబడితే ఆ ఆవిరంతా దానికే చుక్కలు కడుతుంది. తేల్చుకోవడం సులువు. వాన లేని రాత్రి మనిషి పడుకున్నాక తడి ఉంటే అది ఊపిరి. ఎవరూ పడుకోకుండా, వానలో మాత్రమే తడిస్తే అది కారడం. మొదటిదానికి మందు కంత తెరవడమే: రెండు చివర్లా కొప్పు కింద 6×4 అంగుళాల కంత, పైన వంగిన మూత, లోపల దోమతెర. కింద అంగుళం సందు. పైనుంచి వెచ్చగాలి పోవాలంటే కింద నుంచి చల్లగాలి రావాలి. ఒక్కటే ఉంటే పని చేయదు.

కంతలు మూసి లోపల దోమల కాయిల్ వెలిగించడం మరీ ప్రమాదం. కాయిల్ కాలితే వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. పైగా ఈ షీటు మండితే కరిగి ఒంటి మీద చుక్కలుగా పడుతుంది. స్టవ్వు, కొవ్వొత్తి, కాయిల్ ఏవీ లోపలికి వద్దు.

చివరి గోడలకు షీటు కాదు, తాటిపత్రి పరదా కట్టమంటాను. ఎందుకంటే వెడల్పు మారుతుంది. షీట్ల కింది అంచులు పక్కలకు జారకుండా కింద నైలాన్ తాడు కడతాం కదా, అది 4 అడుగులుంటే ఎత్తు 3 అడుగుల 5 అంగుళాలు. హైదరాబాద్ నాంపల్లి స్టేషన్ చుట్టుపక్కల ఇరుకు ఫుట్‌పాత్ అయితే తాడు 3 అడుగులకు కుదించండి, ఎత్తు 3 అడుగుల 8 అంగుళాలకు లేస్తుంది.

ఒక మాట. జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ అనే కేంద్ర పథకం నియమాలు నిరాశ్రయుల షెల్టర్‌లో మనిషికి 50 చదరపు అడుగులుండాలన్నాయి. మన గూటి నేల 32 కూడా లేదు. షెల్టర్‌లో చోటుంటే అక్కడికే పంపండి. నీలోఫర్, ఉస్మానియా ఆసుపత్రుల బయట రోగి దగ్గర్నుంచి కదల్లేని సహాయకులకు, షెల్టర్‌లో చోటు దొరకనివాళ్లకు ఇది.

అభ్యాసం: రెండు అరలూ చీకట్లో, ఒక్కరే, పనిముట్లు లేకుండా మూడు నిమిషాల్లో విప్పి కట్టాలి. ఖాళీ చేయమని ఎవరైనా లేపితే అంతకన్నా సమయం దొరకదు. తర్వాత కొప్పు మీద బకెట్ నీళ్లు పోసి, కింది మూతుల నుంచి కారడం ఆగేందుకు ఎంతసేపు పడుతుందో రాసుకోండి. 5వ పాఠంలో నేల ఎత్తు దాన్నిబట్టే.