మీ కెప్టెన్ ఎప్పుడు పడుకుంటాడు? సైనిక సైన్స్ ఫిక్షన్‌లో నమ్మదగిన పాత్రలను తీర్చిదిద్దడం

కొన్నేళ్ల కిందట నేను రాసిన అంతరిక్ష యుద్ధ నవల మొదటి ప్రతిని మా వీధిలో ఉండే ఒక విశ్రాంత నావికుడికి చదవమని ఇచ్చాను. ఆయన ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం జలాంతర్గాముల్లోనే గడిచింది. నాలుగు రోజుల తరువాత కాగితాల కట్ట తిరిగి ఇస్తూ, "బాగుంది బాబూ. గానీ మీ కెప్టెన్ ఎప్పుడు పడుకుంటాడు?" అని అడిగారు. ఇంటికి వచ్చి వెతికి చూసుకుంటే, పదకొండు రోజుల కథలో ఆ కెప్టెన్ ఒక్కసారైనా నిద్రపోలేదు, కడుపునిండా తినలేదు, తన బాధ్యతను మరొకరికి అప్పగించి పక్కకు తప్పుకోలేదు. అతని ధైర్యం గురించి మాత్రం పుటలకు పుటలు రాశాను. ఆ ఒక్క ప్రశ్నతో నేను పాత్రలను కల్పించే పద్ధతి మారిపోయింది. విశాఖలో ఉంటూ ఇలాంటి నవల రాయాలనుకునే మిత్రులు తరచుగా అడుగుతున్నారు కాబట్టి ఆ పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

సైనికుడి పాత్రను అతని ధైర్యంతో మొదలుపెట్టకూడదు, అతని పనితో మొదలుపెట్టాలి. యూనిఫాం వేసుకున్న మనిషి రోజులో ఎక్కువసేపు యుద్ధం చేయడు. ఒక యంత్రాన్ని కనిపెట్టుకుని ఉంటాడు, రీడింగులు రాస్తాడు, తుడుస్తాడు, ఎదురుచూస్తాడు. అందువల్ల పాత్రకు పేరు పెట్టకముందే అతని ఓడకు ఒక వాచ్ పట్టిక, అంటే ఎవరు ఏ గంటల్లో డ్యూటీలో ఉంటారో చూపే పట్టిక, తయారుచేయండి. సంప్రదాయ నౌకల్లో రోజును నాలుగేసి గంటల వాచ్‌లుగా విభజించి, సాయంత్రం 4 నుంచి 8 వరకు ఉండే భాగాన్ని మాత్రం రెండేసి గంటల చొప్పున రెండు ముక్కలు చేస్తారు. అలా చేయకపోతే రోజుకు ఆరు వాచ్‌లు వచ్చి, రెండు జట్లుగా పనిచేసే సిబ్బందిలో ఒకే జట్టుకు ప్రతిరోజూ అర్ధరాత్రి వాచ్ పడుతుంది; ఏడు వాచ్‌లైతే వంతు రోజురోజుకూ మారుతుంది. మీ నౌక శని గ్రహం దగ్గర తిరుగుతున్నా సరే, ఇలాంటి ఏర్పాటు ఏదో ఒకటి ఉండి తీరాలి. దాడి జరిగినప్పుడు ఎవరు మెలకువగా ఉన్నారు, ఎవరు గంట కిందటే పడుకున్నారు, ఎవరు చేతిలో కంచంతో ఉన్నారు అన్నది ఈ పట్టికే చెబుతుంది. సగం నిద్రలో లేచి తప్పు మీట నొక్కిన మనిషిని పాఠకుడు నమ్ముతాడు, క్షమిస్తాడు కూడా.

పని మనిషి ఒంటిలోకి ఎలా దిగుతుందో చూడాలంటే మనకు దూరం వెళ్లనక్కరలేదు. విశాఖ ఆర్కే బీచ్‌లో ఇసుక మీద నిలిపిన జలాంతర్గామి ఐఎన్ఎస్ కురుసుర 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, మరుసటి ఏడాది నుంచి ప్రదర్శనశాలగా ఉంది. సుమారు 91 మీటర్ల పొడవున్న ఆ గొట్టంలో 75 మంది దాకా ఉండేవారు. ఒక గది నుంచి మరో గదికి వెళ్లాలంటే గుండ్రని ఇనుప ద్వారం గుండా దూరాలి. సందర్శకులలో చాలామంది ముందు తల పెడతారు, నుదురు కొట్టుకుంటారు. అక్కడ వివరాలు చెప్పే విశ్రాంత నావికులలో ఒకరిని నేను ఒక పూటంతా గమనించాను. ఆయన బ్యాటరీల గురించి చెబుతూనే ద్వారం దాటారు. మాట ఆగలేదు, చూపు కిందికి దిగలేదు, కుడిచెయ్యి పై అంచును పట్టుకుంది, కాలు ముందుగా అవతలికి వెళ్లింది, తల దానంతట అదే వంగింది. ఎన్నో ఏళ్ల ఉద్యోగం ఆ ఒక్క కదలికలో ఉంది. మీ పాత్రకు కూడా ఇలాంటి కదలికలు రెండో మూడో ఇవ్వండి. భార రహిత స్థితిలో ఏళ్ల తరబడి బతికిన మనిషి ఊరికి వచ్చినప్పుడు చేతిలోని గ్లాసును గాలిలో వదిలేస్తాడు. అది నేల మీద పగిలినప్పుడు తల్లి ముఖంలో కనిపించేదాన్ని రాస్తే, అతని సర్వీసు రికార్డు ప్రత్యేకంగా చెప్పనవసరం లేదు.

తరువాత ఆ పాత్ర ఎవరెవరికి కట్టుబడి ఉన్నాడో రాసుకోండి. పైన ఆజ్ఞ ఇచ్చేవారు, కింద ఆజ్ఞ అందుకునేవారు, పక్క బంకులో పడుకునేవారు, ఇంటి దగ్గర జీతం కోసం చూసేవారు అని నాలుగు దిక్కులు పెట్టుకుంటే చాలు. నౌకాదళంలో ప్రతి నావికుడికి ఒక డివిజనల్ ఆఫీసర్ ఉంటారు. అతని సెలవులు, ప్రమోషన్, ఇంటి ఇబ్బందులు, మందలింపులు అన్నీ ఆ అధికారి దృష్టికి వెళ్లవలసినవే. ఈ ఒక్క సంబంధంలో ఎంత కథ ఉందో ఆలోచించండి: ఇరవై నాలుగేళ్ల లెఫ్టినెంట్, తనకన్నా ఇరవై ఏళ్లు పెద్దవాడైన పెటీ ఆఫీసర్‌కు కూతురి పెళ్లికి సెలవు ఇవ్వలేనని చెప్పాలి. ఆ పెద్దాయన "ఎస్ సర్" అంటాడు. ఆ రెండు మాటలను ఆయన ఎలా పలికాడో రాయగలిగితే పది పోరాట ఘట్టాలు రాసినంత బలం వస్తుంది. మన నవలల్లో కింది ఉద్యోగి ఎప్పుడూ హాస్యగాడో, బలిపశువో అవుతుండడం నాకు బాధ కలిగిస్తుంది. నిజానికి ఓడను నడిపేది ఆ మధ్య వరస మనుషులే.

అతను సైన్యంలో ఎందుకు చేరాడన్నది కూడా ఈ దిక్కుల నుంచే తేలుతుంది. తెల్లవారుజామున శ్రీకాకుళం, విజయనగరం రోడ్ల మీద రిక్రూట్‌మెంట్ కోసం పరుగు తీసే కుర్రవాళ్లను చూసినవారికి ఇది తెలుసు. పశ్చిమ గోదావరిలో మిలిటరీ మాధవరం అని పేరుపడిన ఊరిలో తాత, తండ్రి, మనవడు వరసగా సైన్యంలోకి వెళ్లడం ఇంటి ఆచారం. స్థిరమైన జీతం, చెల్లి పెళ్లి, పొలం మీద అప్పు, తండ్రి వేసుకున్న యూనిఫాం, ఊరిలో దక్కే గౌరవం ఇవే మనిషిని గేటు దాకా తీసుకువెళతాయి. మానవజాతిని కాపాడాలని చేరిన పాత్ర ఉపన్యాసం ఇస్తుంది గానీ కథలో నడవదు. దేశం కోసం అన్న భావం కూడా ఉంటుంది, అది నిజమైనదే. అయితే అది సర్వీసులో, తోటివారితో కలిసి బతికిన తరువాత గట్టిపడుతుంది.

ఇప్పటివరకు చెప్పింది ఏ సైనిక నవలకైనా వర్తిస్తుంది. సైన్స్ ఫిక్షన్‌గా మారాలంటే భౌతికశాస్త్రం పాత్ర భయాన్నే మార్చాలి. రేడియో సంకేతం భూమి నుంచి అంగారకుడికి చేరడానికి ఆ రెండు గ్రహాల దూరాన్ని బట్టి సుమారు 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది. శని గ్రహానికైతే గంట నుంచి గంటన్నర. అంటే మీ కమాండర్ ప్రధాన కార్యాలయాన్ని అనుమతి అడిగితే జవాబు వచ్చేసరికి యుద్ధం ముగిసిపోతుంది. ఆమె ఒంటరిగా నిర్ణయించి, నెలల తరువాత విచారణ సంఘం ముందు సమాధానం చెప్పుకోవాలి. అక్కడ పాత్ర పుడుతుంది. కాంతి వేగంలో సుమారు 87 శాతం వేగంతో సాగే నౌకలో ఒక ఏడాది గడిస్తే ఇంటి దగ్గర రెండేళ్లు గడుస్తాయి. పదేళ్ల సర్వీసు ముగించుకుని వచ్చినవాడికి తమ్ముడు అన్న అవుతాడు. అప్పుడు వాళ్లిద్దరూ ఒకరినొకరు ఏమని పిలుచుకుంటారు? వరసలు ఇంత పట్టింపుగా ఉన్న మన భాషలో రాసేవారికి ఇది వరం లాంటి ప్రశ్న.

నేను ఎక్కువ కాలం పనిచేసిన ఉదాహరణ వేడి. శూన్యంలో గాలి ఉండదు కాబట్టి నౌకలోని వేడి వికిరణం రూపంలోనే బయటికి పోవాలి, దానికి పెద్ద పెద్ద రేడియేటర్ పలకలు కావాలి. శత్రువు తూటాలు తగలకుండా వాటిని ముడిచి పెట్టుకుంటే లోపల వేడి పేరుకుంటూ పోతుంది. నా నవలలో పైడిరాజు పని ఆ పలకలకు శీతల ద్రవాన్ని పంపే పంపులను చూసుకోవడం. అతను పెదజాలారిపేటలో పుట్టినవాడు, మే నెల ఉక్కపోత అతనికి కొత్త కాదు. పాత ప్రతిలో ఆ ఘట్టం ఇలా ఉండేది: "వీరుడైన పైడిరాజు మృత్యువును లెక్కచేయక మండుతున్న గదిలోకి దూకాడు." తిరగరాసిన తరువాత ఇలా అయింది: "గదిలో 51 డిగ్రీలు. పైడిరాజు చొక్కా విప్పి పైపుకు చుట్టాడు, ఎందుకంటే పైపు ఇక ఒట్టి చేతితో పట్టుకునేలా లేదు. మూడో పంపు మోతలో ఒక చిన్న గరగర వినిపిస్తోంది. అది నిన్న లేదు. రికార్డు పుస్తకంలో సమయం వేసి, 'మూడు – శబ్దం' అని రాశాడు. చెమట చుక్క అక్షరాల మీద పరుచుకుంది. మళ్లీ రాశాడు." రెండోదానిలో ధైర్యం అన్న మాట లేదు. అతనికి భయం వేస్తోందని కూడా నేను చెప్పలేదు, మళ్లీ రాసిన చెయ్యి చెబుతోంది.

భాష విషయంలో తెలుగు రచయితకు ప్రత్యేకమైన చిక్కు ఉంది. అన్నింటినీ సంస్కృతంలోకి మార్చి సేనాధిపతి, నౌకాధ్యక్షుడు అని రాస్తే అంతరిక్ష నౌక కాస్తా పౌరాణిక నాటకం అవుతుంది. విశాఖలోని తూర్పు నౌకాదళ కేంద్రం చుట్టూ పెరిగిన ఏ కుటుంబాన్ని అడిగినా, నావికుడు ఆజ్ఞలు ఇంగ్లీషులో వింటాడని, మెస్‌లో తోటివారితో హిందీ మాట్లాడతాడని, ఇంటికి ఫోన్ చేసినప్పుడు తన ఊరి తెలుగులోకి వస్తాడని చెబుతారు. ఈ మూడు పొరలనూ తెలుగు వాక్యంలోనే చూపించవచ్చు. డ్యూటీలో పైడిరాజు మాటలు పొట్టిగా, క్రియ లేకుండా, అంకెలతో ఉంటాయి: "మూడో పంపు, ఒత్తిడి తక్కువ, సర్." అదే మనిషి తల్లితో, "అమ్మా, నానే. ఏటి తిన్నావు? మందులేసుకున్నావా?" అంటాడు. తనకు ఏమవుతోందో ఒక్క ముక్క చెప్పడు. హోదాల పేర్లను, మెస్, బంక్, లిబర్టీ (రేవులో ఓడ దిగి వెళ్లే సెలవు) వంటి మాటలను ఉన్నవి ఉన్నట్టే వాడండి.

శత్రువు పాత్రలను చాలామంది చివరికి వదిలేస్తారు, లేదా ముఖం లేని గుంపుగా తేలుస్తారు. ఈ విషయంలో మన తీరమే ఒక పాఠం. 1971 డిసెంబరు మొదటి వారంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ రేవుకు సమీపంలో మునిగిపోయింది, అందులోని 90 మందికి పైగా నావికులు మరణించారు. మన యుద్ధనౌక ఐఎన్ఎస్ రాజపుత్ వేసిన డెప్త్ చార్జీల (నీటి లోతున పేలే బాంబుల) వల్ల మునిగిందని మన నౌకాదళం చెబుతుంది; లోపలి పేలుడో, ఘాజీయే పరిచిన మందుపాతరో కారణమని పాకిస్తాన్ అంటుంది. బీచ్ రోడ్డులోని విజయ స్మారకం దగ్గర నిలబడి సముద్రం వైపు చూసినప్పుడల్లా, ఆ గొట్టంలో కూడా ఒక వాచ్ పట్టిక ఉండి ఉంటుందని, ఎవరో అప్పుడే డ్యూటీ దిగి పడుకుని ఉంటారని నాకు అనిపిస్తుంది. ఇలా తలచుకోవడం మన విజయాన్ని తగ్గించదు. మీ నవలలోని ముఖ్య సంఘటన ఒకదాన్ని శత్రు నౌకలోని సమాన హోదా ఉన్న ఒకరి దృష్టి నుంచి కూడా రాసి పెట్టుకోండి. దాన్ని పుస్తకంలో చేర్చకపోయినా పరవాలేదు, మీ వాళ్లు వాళ్లను చూసే చూపు దానితో మారుతుంది.

మరణం గురించి ఒక్క మాట. పాత్ర చనిపోయిన తరువాత మిగిలే పని రాయండి: అతని బంకులోని సామాను ఎవరు లెక్క రాశారు, వాచ్ పట్టికలో ఖాళీ అయిన గడిని ఎవరి పేరుతో నింపారు, ఇంటికి వెళ్లే ఉత్తరంలోని మొదటి వాక్యాన్ని డివిజనల్ ఆఫీసర్ ఎన్నిసార్లు కొట్టివేశారు. శోకం ఆ పనుల మధ్య నుంచి దానంతట అదే వస్తుంది.

నవల ప్రతి పూర్తయ్యాక యూనిఫాంలో పనిచేసిన ఒకరి చేత చదివించండి. బాగుందా అని అడగకండి, మర్యాదకు బాగుందనే అంటారు. ఎక్కడ చదవడం ఆపారో, ఏ మనిషితో కలిసి డ్యూటీ చేయడానికి ఇష్టపడరో అడగండి. నా రెండో ప్రతిని మా వీధి బాబాయి గారికే తీసుకువెళ్లాను. ఈసారి ఆయన కెప్టెన్ గురించి ఏమీ అనలేదు. పైడిరాజు ఉన్న పుట తెరిచి, గోటితో ఒక వాక్యం కింద గీత గీసి, "ఈ కుర్రోడు తలుపు మూసే ముందు లోపల ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టలేదు. ఆడు లెక్కపెడతాడు బాబూ" అన్నారు. ఆ రాత్రి ఆ వాక్యం ముందు మరో వాక్యం చేర్చాను.