జీవాల జబ్బులు చదువుకుందాం – 6వ పాఠం: దొమ్మ చుట్టాలు

పోయిన పాఠంలో దొమ్మ రోగం, అంటే ఆంత్రాక్స్, చూశాం. పొద్దున మేతకు బాగానే వెళ్లిన గొర్రె సాయంత్రానికి పడి చచ్చిపోవడం, ముక్కు నుంచి, వెనక నుంచి గడ్డకట్టని నల్లటి నెత్తురు కారడం గుర్తుండే ఉంటాయి. ఈసారి ఒక బాక్టీరియా దగ్గర ఏ ఆయుధాలున్నాయో చూసి, అది ఏ జబ్బు చేయగలదో చెప్పడం నేర్చుకుందాం.

దొమ్మ తెచ్చేది బాసిల్లస్ ఆంత్రాసిస్. దీనికి దగ్గరి చుట్టాలు రెండున్నాయి. బాసిల్లస్ సీరియస్ మట్టిలో బతుకుతుంది. వండి బయట వదిలేసిన అన్నంలో పెరిగి మనకు వాంతులు చేయిస్తుంది, పాడి పశువులకు అప్పుడప్పుడు పొదుగువాపు తెస్తుంది. రెండోది బాసిల్లస్ తురింజియెన్సిస్. బీటీ పత్తిలో ‘బీటీ’ అంటే ఇదే. ఇది తయారుచేసే ప్రోటీన్ స్ఫటికం గొంగళిపురుగు పేగులోని క్షారానికి కరిగి, పేగు గోడకు చిల్లులు పెడుతుంది. ఈ మూడింటి క్రోమోజోములూ దాదాపు ఒకేలా ఉంటాయి. జబ్బులో ఇంత తేడా రావడానికి ముఖ్య కారణం ప్లాస్మిడ్లు, అంటే క్రోమోజోమ్‌కు విడిగా ఉండే చిన్న డీఎన్‌ఏ ఉంగరాలు.

ఆంత్రాసిస్‌కు ఇలాంటివి రెండున్నాయి. ఇక్కడ కాస్త నిదానంగా చదవండి, పాఠానికి గుండెకాయ ఇదే.

మొదటిది పీఎక్స్‌ఓ1. టాక్సిన్, అంటే విషం, తయారీకి కావలసిన మూడు ముక్కల జన్యువులూ దీని మీదే ఉంటాయి. ఒక ముక్క జంతు కణానికి అతుక్కుని, తనలాంటి వాటితో కలిసి గుండ్రటి ద్వారంలా తయారవుతుంది. మిగతా రెండూ ఆ దారినే లోపలికి వెళ్తాయి. వాటిలో ఒకటి కణాల్లోని నీటి లెక్క తప్పించి వాపు తెస్తుంది. ఇంకొకటి కణం లోపల కబుర్లు మోసే ప్రోటీన్లను కోసేస్తుంది. ద్వారం లేకపోతే ఈ రెండూ బయటే ఉండిపోతాయి, ఏ హానీ చేయలేవు.

రెండోది పీఎక్స్‌ఓ2. ఇది బాక్టీరియాకు క్యాప్సూల్ అనే జిగురు తొడుగు వేస్తుంది. తొడుగు ఉన్నదాన్ని తెల్ల రక్తకణాలు మింగలేవు. నెత్తురు చుక్కకు పాలీక్రోమ్ మెథిలీన్ బ్లూ రంగు వేసి మైక్రోస్కోపులో చూస్తే చివరలు నరికినట్టున్న నీలి కడ్డీలు, వాటి చుట్టూ గులాబీ రంగు కనిపిస్తాయి. ఆ గులాబీ రంగే తొడుగు. ఈ పని ల్యాబ్‌లోనే చేయాలి. అనుమానంగా చచ్చిన జీవాన్ని మాత్రం ఎవరూ కోయకండి. గాలి తగిలితే బాక్టీరియా స్పోర్లుగా, అంటే గట్టి పెంకులో నిద్రపోయే రూపాలుగా మారి, ఏళ్ల తరబడి మట్టిలో ఉండిపోతుంది.

ఇప్పుడు అసలైన కేసు. పశ్చిమ ఆఫ్రికాలోని ఐవరీ కోస్ట్‌లో టాయ్ అనే వాన అడవి ఉంది. 2001–02లో అక్కడ ఆరోగ్యంగా కనిపించిన చింపాంజీలు వాంతులు చేసుకుని, నీరసించి, గంటల్లోనే చచ్చిపోయాయి. వాటిలో దొరికిన బాక్టీరియా ఈదుతోంది, ఆంత్రాసిస్ ఈదదు. ఆంత్రాసిస్‌ను చంపే గామా ఫేజ్ అనే వైరస్‌కు కూడా ఇది చావలేదు. ఈ రెండు పరీక్షలే చూసేవాళ్లయితే ‘ఇది దొమ్మ కాదు’ అని కొట్టిపారేస్తారు. క్రోమోజోమ్ చూస్తే బాసిల్లస్ సీరియస్ వైపే ఉంది. కానీ పీఎక్స్‌ఓ1, పీఎక్స్‌ఓ2 లాంటి ప్లాస్మిడ్లు రెండూ దాని దగ్గరున్నాయి. అందుకే దీనికి బాసిల్లస్ సీరియస్ బయోవార్ ఆంత్రాసిస్ అని పేరు పెట్టారు. బయోవార్ అంటే ఒకే జాతిలో వేరే గుణమున్న రకం.

ఈ అడవిలో రెండున్నర దశాబ్దాల్లో దొరికిన కళేబరాలు, ఎముకలు పరీక్షించి 2017లో ఫలితాలు వెల్లడించారు. పదింట దాదాపు నాలుగింటిలో ఇదే ఉంది. కోతులు, చిన్న జింకలు, ముంగిసలు కూడా చచ్చాయి. చింపాంజీ ఐదారేళ్లకోసారి ఒకే పిల్లను కంటుంది. అలాంటి జాతికి ఈ దెబ్బ నుంచి కోలుకోవడం చాలా కష్టం. ఈ కేసు చదివినప్పుడల్లా నాకు బాధేస్తుంది.

అభ్యాసం: ఒక ఆంత్రాసిస్ రకంలో పీఎక్స్‌ఓ1 ఉంది, పీఎక్స్‌ఓ2 లేదు. దాన్ని గొర్రెకు ఎక్కిస్తే ఏమవుతుంది? కారణంతో సహా నాలుగు వాక్యాల్లో రాయండి. సూచన: పశువుల డాక్టర్లు వేసే దొమ్మ టీకాలో ఉండేది బతికున్న బాక్టీరియాయే. జవాబు 7వ పాఠం మొదట్లో చూద్దాం.