విదేశాల నుంచి భారతీయ ఓటీటీలు చూడటానికి వీపీఎన్‌ను వాడే విధానం

సినిమాలు, సీరియళ్ల ప్రసార హక్కులను దేశాలవారీగా అమ్ముతారు. అందువల్ల ఓటీటీ సంస్థలు ప్రేక్షకుడి ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్‌లో మన పరికరానికి ఉండే చిరునామా) ఏ దేశానిదో చూసి, అక్కడ హక్కులున్నవాటినే చూపిస్తాయి. హైదరాబాద్‌లో సగం చూసిన సిరీస్ డాలస్‌కు వెళ్లాక కనిపించకపోవడానికి కారణం ఇదే. వీపీఎన్ మన ఇంటర్నెట్ రాకపోకలను ఎన్‌క్రిప్ట్ చేసి (ఇతరులు చదవలేని రూపంలోకి మార్చి), మనం ఎంచుకున్న దేశపు ఐపీతో బయటకు పంపుతుంది. అంతకుమించి అది మన బ్యాంకు కార్డునుగాని, ఖాతాలోని ఫోన్ నంబరునుగాని, ఫోన్‌లోని జీపీఎస్‌నుగాని మార్చదు.

ముందుగా మీరు కోరుకున్నది మీరున్న దేశంలోనే దొరుకుతుందేమో చూడండి. ఆహా, సన్ నెక్స్ట్ వంటివి అమెరికాలోనూ చందాలు ఇస్తున్నాయి. అలా దొరికినప్పుడు అక్కడే డబ్బు కట్టి చూడటం మేలని నా గట్టి అభిప్రాయం. భారత్‌లోనూ అమెరికాలోనూ వీపీఎన్ వాడకం నేరం కాదు గానీ, దానితో ప్రాంతీయ పరిమితులను దాటడం చాలా ఓటీటీల నిబంధనలకు విరుద్ధం. గల్ఫ్‌లో ఉన్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. యూఏఈ 2021లో తెచ్చిన సైబర్ నేరాల చట్టం ప్రకారం, నేరం చేయడానికో దాన్ని కప్పిపుచ్చడానికో ఐపీని మార్చినవారికి జైలుశిక్షగాని, 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హాముల జరిమానాగాని, రెండూగాని పడవచ్చు.

ఉచిత వీపీఎన్‌ల జోలికి తొందరపడి వెళ్లకండి. హోలా అనే ఉచిత సేవ తన వినియోగదారుల ఇంటర్నెట్ కనెక్షన్లను ఇతరులకు అమ్ముతున్నట్లు 2015లో బయటపడింది. డబ్బు వాపసు గడువు ఉన్న సేవను ఎంచుకుని, ముందు ఒక నెలకే చందా కట్టి, మీకు కావలసిన ఓటీటీ పనిచేస్తుందో లేదో ఆ గడువులోపే తేల్చుకోండి.

వీపీఎన్ యాప్ చూపే సర్వర్ల జాబితాలో ‘ఇండియా’ అని ఉన్నా, ఆ యంత్రం భారత్‌లో ఉండకపోవచ్చు. వినియోగదారుల వివరాలను 5 ఏళ్లు భద్రపరచాలని భారత ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో వీపీఎన్ సంస్థలను ఆదేశించాక, పలు పెద్ద సంస్థలు ఇక్కడి సర్వర్లను తొలగించి, సింగపూర్, లండన్ వంటి చోట్ల నుంచి భారతీయ ఐపీలను ఇస్తున్నాయి. కాబట్టి అలాంటివి రెండు మూడు ఉంటే ఒక్కొక్కటీ కలిపి చూసి, వేగంగా ఉన్నదాన్ని ఉంచుకోండి. ఫుల్ హెచ్‌డీకి 5 ఎంబీపీఎస్, 4కేకి 15 ఎంబీపీఎస్ ఉండాలని నెట్‌ఫ్లిక్స్ చెబుతోంది.

కనెక్ట్ అయ్యాక, ఐపీ చూపించే ఏదైనా సైట్‌లో ‘ఇండియా’ అని వస్తోందో లేదో చూసి, ఆ తర్వాతే ఓటీటీని తెరవండి. అప్పటికీ పాత దేశమే కనిపిస్తే బ్రౌజర్‌లో సైట్లు దాచుకునే సమాచారాన్ని (కుకీలను) తొలగించండి, లేదా ఇన్‌కాగ్నిటో విండోలో ప్రయత్నించండి. ఫోన్ యాప్ జీపీఎస్‌ను కూడా చూడగలదు కనుక ల్యాప్‌టాప్ బ్రౌజర్‌తో మొదలుపెట్టడం సులువు. వీపీఎన్ ఉందని గుర్తించినప్పుడు నెట్‌ఫ్లిక్స్ ప్రపంచవ్యాప్త హక్కులున్నవాటినే చూపిస్తుంది. ప్రకటనలతో వచ్చే ప్లాన్‌లో వీపీఎన్‌ను అనుమతించదు. అలాంటప్పుడు సర్వర్ మార్చి చూడటం తప్ప పెద్దగా చేయగలిగిందేమీ లేదు.

భారతీయ చందాకు ఇక్కడి కార్డో యూపీఐయో, ఓటీపీ అందుకునే భారతీయ నంబరో అవసరం కావచ్చు. కనుక ప్రయాణానికి ముందే చందా కట్టి, ఆ నంబరుకు రోమింగ్ పెట్టించుకోండి. చూడటం అయ్యాక వీపీఎన్‌ను ఆపండి. తెలియని దేశం నుంచి లాగిన్ అయినట్లు కనిపిస్తే బ్యాంకు యాప్‌లు లావాదేవీని నిలిపివేయవచ్చు. ఏ యాప్‌లు వీపీఎన్ గుండా వెళ్లాలో ఎంచుకునే స్ప్లిట్ టన్నెలింగ్ సౌకర్యం ఉంటే బ్యాంకు యాప్‌లను వీపీఎన్ నుంచి మినహాయించుకోండి.